రెండో తూము దగ్గర నీళ్లు

నౌపడలో రైలు దిగి ఉప్పుటేరు గట్టెక్కితే, మా ఊరి దాకా ఆరు మైళ్ల సైకిలు దారి. దారంతా మంచిదే... రెండో తూము తప్ప. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ సైకిలు దిగరు. తూము గోడ మీద తెల్లగా ఒక ఆడమనిషి కూచుంటుందని, నీళ్లు తాగుతావా అని అడుగుతుందని చెప్పుకునేవారు. ఒక రాత్రి ఆ పిలుపు విని మా ఊరి పైడిరాజు చెప్పులొదిలేసి పరిగెత్తాడు. మూడు రోజులు జ్వరం. తర్వాత కొత్త చెప్పులు కొనుక్కున్నాడు గానీ, పాతవాటి కోసం పట్టపగలు కూడా వెళ్లలేదు.

ఇప్పుడు చెప్పేది సత్యానందం నోట విన్న సంగతి. రెండువేల మూడో సంవత్సరం, ఎండలింకా ముదరలేదు.

సత్యానందం మిషను చర్చిలో పాట ఎత్తుకునే మనిషి. దెయ్యాల్లేవని ఆదివారాలు గట్టిగానే చెప్పేవాడు. ఆ రోజు విశాఖపట్నంలో డాక్టరుకి చూపించుకుని వస్తున్నాడు. రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు. మా ఉద్దానం వైపు ఆ జబ్బు లేని వీధి లేదు. రోజుకి అర లీటరు నీళ్లు, అంతకు మించి చుక్క ముట్టకూడదన్నారు. ఆ అర లీటరూ రైల్లోనే అయిపోయింది.

తొక్కే సత్తువ లేక స్టేషను నుంచి సైకిలు తోసుకుంటూ నడిచాడు. తొక్కితేనే వెలిగే డైనమో లైటు. చిమ్మచీకటి.

మొదటి తూము దాటాడు. తాటాకులు కప్పిన ఉప్పు కుప్పలొచ్చాయి. కుర్రతనంలో అక్కడే కూలి చేస్తూ, కుండెత్తి కడుపారా తాగేవాడు. ఆ పక్కనే బోర్లించిన పాత నావ. పెళ్లైన కొత్తలో విమలను సైకిలెక్కించుకొస్తూ అక్కడే పడేశాడు. ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఇరవై ఏళ్లు తొక్కిన దారి ఇంత పొడుగని నడిస్తే గానీ తెలీలేదు. పక్కన ఏటి నిండా నీళ్లే... అన్నీ ఉప్పు.

ఇంట్లో చెప్పాల్సిన మాట దారంతా వల్లె వేసుకున్నాడు. "విమలా, నానెంత ఏడ్సినా కొలత దాటి ఇయ్యకు." తన బతుకంతా ఆ ఒక్క మాట మీదే ఉందనుకున్నాడు.

రెండో తూము వచ్చింది.

బుడబుడమని కుండలో నీళ్ల చప్పుడు...

"బాబూ... నీళ్లు తాగుతావేటి?"

పరిగెత్తడానికి ఓపికుంటే గదా! తెల్లటి ఆకారం గోడ దిగి దగ్గరికొచ్చింది. దెయ్యమైతే అయింది, నీళ్లు నీళ్లే కదా అనిపించి దోసిలి పట్టేశాడు.

కుండ వంగబోయింది. ఆమె చెయ్యి హ్యాండిలుకి వేలాడుతున్న కవరుకి తగిలి గరగరమంది.

"ఇదేటి బాబూ... ఆస్పత్రి ఫిలిం కవరా?" కుండ చప్పున వెనక్కి పోయింది.

"ఎవురు నువ్వు?" అన్నాడు.

"నాను... ఉప్పు మళ్ల తవిటమ్మని."

పగలు రోజూ మళ్లలో కనబడే మనిషే!

"మా ఇంటాయనదీ ఇదే కవరు, బాబూ. సైకిలు కేరేజీ మీద కూకోబెట్టి తెత్తంటే, ఈ తూము కాడ ఒక్క గుక్క ఇయ్యే అన్నాడు. డాకటేరు వొద్దన్నాడని ఇవ్వలేదు. బతుకుతాడనుకున్నాను... తెల్లారకుండా పోనాడు." కుండ తూము గోడ మీద పెట్టింది. "రేత్రుళ్లు వొచ్చినోల్లందర్నీ అడుగుతాను. పారిపోతారు. నువ్వు నిలబడ్డావు. నువ్వే సెప్పు... ఇచ్చీమంటావా, మానీమంటావా?"

సత్యానందం పట్టిన దోసిలి విడదీశాడు.

"వొద్దమ్మా," అన్నాడు చివరికి. "ఇయ్యాలన్నా మానాలన్నా ఇంటికాడ మడిసుంది."

ఇల్లు చేరేసరికి విమల దీపం పట్టుకుని వీధిలోనే నిలబడి ఉంది. "ఇంతసేపేటి? ఏటన్నారు?"

తవిటమ్మ మాటే చెవిలో ఉంది; వల్లె వేసుకున్న మాట మార్చేశాడు.

"రోజుకి అర లీటరంట. కొలత గలాసు నా కాడే ఉంటాది. అడక్కుండా ఉండడం నా పని. అడిగితే మాత్రం... నువ్వు లేదనకు."

ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. ఆఖరి రాత్రి ఒక్కసారి అడిగాడట. విమల తలెత్తి పట్టుకుని తాగించింది. ఇప్పుడు విమల పొద్దుపోయాక కూడా ఆ గట్టు మీదే నడిచొస్తుంది, ఎక్కడా ఆగదు. ఆగి ఎవరినీ అడగాల్సిందేమీ ఆమెకి లేదు.

రెండో తూము దగ్గర ఇప్పటికీ తవిటమ్మ ఒక్కతే కూచుంటుంది.