పిలవకుండా వేసిన తలుపు

మే నెల. మిర్చి యార్డుకు వేసవి సెలవులు. లారీలు లేవు, బస్తాలు లేవు, రోడ్డు మీద ఎండ తప్ప ఏమీ కదలడం లేదు. యార్డు ఎదురుగా మూసేసిన టీ కొట్టు నీడలో కొండమ్మ నాకోసం కూర్చుని ఉంది. ఒళ్ళో స్టీలు క్యారేజీ.

"తినొచ్చావా అఖిలా?"

"తిన్నానక్కా."

"అబద్ధం. మొహం చూస్తే తెలవట్లా? పనయ్యాక తిందువుగాని, పచ్చడన్నం తెచ్చా."

ఆవిడ యార్డులో మిరపకాయల తొడిమలు తీసే కూలీ. వేళ్ళ చివర్లు ఎప్పుడూ ఎర్రగా ఉబ్బి ఉంటాయి. యార్డు మూసినా గాలిలో ఘాటు ఉంది. మా నగరంలో అది పోదు. కొత్తవాళ్ళు బస్సు దిగీదిగగానే తుమ్ముతారు. పుట్టి పెరిగిన మాక్కూడా ఎవరైనా మిర్చి బస్తా దులిపితే దగ్గు ఆగదు.

మేం వెళ్ళబోయేది వీరాంజనేయులు కోల్డ్ స్టోరేజీకి.

ఆయన గురించి మా నగరంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. బయటివాళ్ళ కోసం చెబుతాను. పొన్నూరు అవతలి పల్లె నుంచి వచ్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తాగా చేరాడు. కాటా మీద బొటనవేలు ఆనించడం అక్కడే నేర్చుకున్నాడంటారు. తర్వాత కార్పొరేటర్. ఆ తర్వాత డిప్యూటీ మేయర్. మా వీధికి ఆయన వేయించిన మురుగుకాలువ కాగితాల మీద ఉంది, నేల మీద లేదు. అది పోవాల్సిన స్థలంలోనే బావమరిది పేరుతో ఈ కోల్డ్ స్టోరేజీ లేచింది. ప్రతి కూడలిలో చేతులు జోడించిన ఫ్లెక్సీ, కింద "మీ సేవకుడు" అని. సేవకుడి ఇంటికి లిఫ్టు, యజమానుల ఇళ్ళలోకి మురుగు. ఇదే మన ప్రజాస్వామ్యమైతే దాన్ని వీధిలో నిలబెట్టి ప్రశ్నించాలి. నేను లా చదువుతూ చేసింది అదే. ధర్నాలు, కరపత్రాలు, నినాదాలు. ఎవరు నినాదం ఎత్తుకున్నా నా నోరు దానంతటదే అందుకుంటుంది. నిద్రలో కూడా అందుకుంటానని అమ్మ నవ్వుతుంది.

యార్డులో నినాదం ఎత్తేవాడు క్రీస్తుదాసు. కొండమ్మ భర్త, హమాలీ. "హమాలీల ఐక్యతా..." అని సాగదీసేవాడు. చివర్లో గొంతు బొంగురుపోయి పగిలేది. "వర్ధిల్లాలి!" అని మేమంతా అరిచేవాళ్ళం. కొండమ్మ మాత్రం ఆయన పేరు పలికేది కాదు. "మా ఆయన" అనో, "మార్క్ వాళ్ళ నాన్న" అనో అనేది. పెళ్ళయినప్పటి నుంచీ అంతే.

కిందటేడు ఆయన కనిపించకుండా పోయాడు. అడ్వాన్సు తీసుకున్న డబ్బు ఎగ్గొట్టి దర్శి వైపు పారిపోయాడని వీరాంజనేయులు చెప్పాడు. పోలీసులు అదే రాసుకున్నారు.

ఏడాది తర్వాత హయాత్ నోరు విప్పాడు. ఆయన ఆ కోల్డ్ స్టోరేజీలో హమాలీల మేస్త్రీ. అక్కడొక ఆనవాయితీ ఉంది. ఛాంబర్ తలుపు మూసేముందు మేస్త్రీ అరచేత్తో మూడుసార్లు చరిచి, "లోపల ఎవరన్నా ఉన్నారా?" అని పిలవాలి. బస్తాల గుట్టల వెనక ఉన్నవాడు గొంతెత్తి పలుకుతాడు. పలికినవాడు బయటికొచ్చేదాకా తలుపు కదలకూడదు. పిలవకుండా తలుపు వేసే మేస్త్రీకి ఎవరూ కూలికి రారు.

ఆ రోజు ఏసీబీ బండ్లు బయల్దేరాయని వీరాంజనేయులుకు ఫోనొచ్చింది. ఇంట్లోంచి తెచ్చిన అట్టపెట్టెలు మూడో ఛాంబర్లో బస్తాల వెనక వేయించి, మేస్త్రీని పక్కకు నెట్టి, తలుపు తనే లాగేశాడు. పిలవలేదు. లోపల క్రీస్తుదాసు ఉన్నాడు. అధికారులు రెండు రోజులు ఆఫీసు గదిలో కూర్చున్నారు. లోపల్నుంచి చప్పుడు వస్తోందని హయాత్ చెవిలో చెబితే, "వాళ్ళు పోయాక చూద్దాం, నోర్ముయ్" అన్నాడు సేవకుడు. లోపల ప్రమాద గంట ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంది. గంటకు వైరు లేదు.

వాళ్ళు పోయాక వీరాంజనేయులు ఒక్కడే తలుపు తీసి చూసి, లోపల ఎవరూ లేరన్నాడు. మెషిన్ చెడిందని ఆ ఛాంబర్‌కు తాళం వేశాడు.

ఆయన్ని ఆ ఏసీబీ కేసులోనే అరెస్టు చేశారు. పదవి పోయింది. ఫ్లెక్సీలు మేకలు తిన్నాయి. బెయిలు మీద వచ్చి పది రోజుల క్రితం మాయమయ్యాడు. కోల్డ్ స్టోరేజీకి కరెంటు తీసేసి రెండు నెలలైంది. వారం తిరిగితే వేలం. మళ్ళీ పిటిషన్ పెట్టు అన్నారు స్టేషన్లో. హయాత్ మాటొక్కటే చాలదట, ఏదో ఒక ఆధారం కావాలి.

"ఎముకలైనా చాలు," అంది కొండమ్మ దారిలో. "సమాధుల తోటలో చోటు అడిగి పెట్టుకున్నా. పాస్టరు గారు ఒప్పుకున్నారు. పూడ్చకుండా ఎట్టా నిద్రపోతాను చెప్పు?"

ముందు గేటుకు సీలు ఉంది. వెనక, బస్తాలు దించే వైపు, హమాలీలకు తెలిసిన చిన్న తలుపు ఉంది. దాని గొళ్ళెం ఊడి ఉంది. ఎవరో మాకంటే ముందే ఊడదీశారు.

లోపల చీకటి. కోల్డ్ స్టోరేజీకి కిటికీలుండవు. బయట మిట్టమధ్యాహ్నం, ఇక్కడ అది లేదు. ఆధారం కోసం ఫోన్‌లో వీడియో పెట్టి, లైటు వేశాను. గోడల్లో తడిసిన గోనెపట్టా వాసన. ఎక్కడో నీటి చుక్క పడుతోంది. నా చెమట మెడ మీదే చల్లబడింది.

"కరెంటు లేదుగా అక్కా... ఇంత చలేంటి?"

కొండమ్మ చుట్టూ చూసింది. ముక్కు ఎగబీల్చింది. మళ్ళీ ఎగబీల్చింది.

"ఘాటేది?" అంది.

అప్పుడు తట్టింది నాకు. రెండు వైపులా కప్పు దాకా మిర్చి బస్తాలు. కొన్ని పగిలి కాయలు కాళ్ళ కింద నలుగుతున్నాయి. దగ్గు రావడం లేదు. తుమ్ము రావడం లేదు. ఒక కాయ తీసి విరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎండుటాకు.

దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేస్తే, ఘాటు కోరు వస్తే ఏమీ లేనట్టు, రాకపోతే ఏదో పట్టుకున్నట్టు. మా నాయనమ్మ సుబ్బరావమ్మ చేసేది. మూఢనమ్మకం అని నేను ఆవిడతో పోట్లాడేదాన్ని.

"మా ఇళ్ళల్లోనూ తీస్తాం," అంది కొండమ్మ మెల్లగా. "పాస్టరు గారికి చెప్పం, అంతే." నవ్వబోయింది. నవ్వు రాలేదు.

మూడో ఛాంబర్ తలుపు బెత్తెడు తెరిచి ఉంది. సందులోంచి చలి నేల మీద పాకి వస్తోంది.

తలుపు లాగాం. బరువుగా, చప్పుడు లేకుండా వచ్చింది. గడప ఇవతలే నిలబడి లైటు లోపలికి వేశాను. బస్తాల గుట్టలు. మధ్యలో సన్నటి సందు. సందు చివర తెల్లగా...

చొక్కా. ఖద్దరు చొక్కా. ఎవరో గోడకు ఆనుకుని కూర్చున్నారు. తల మోకాళ్ళ మీద.

"ఎవరూ?" అన్నాను.

తల లేవలేదు. గుసగుస మాత్రం వచ్చింది.

"తలుపు... వెయ్యమాకండమ్మా..."

ఆ గొంతు మైకుల్లో ఎన్నిసార్లు విన్నాను. వీరాంజనేయులు. వేలం రాకముందే శవాన్ని తీసి పారేయాలని వచ్చుంటాడు. పది రోజుల నుంచీ ఇక్కడేనా?

నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది. "బయటికి రండి. చేసింది చాలు. ప్రజలు లెక్క అడిగే రోజొచ్చింది."

"రాలేనమ్మా. తలుపు తీసే ఉంది... రాలేను. పిలవాలి. బయట నుంచి ఎవరన్నా నా పేరు పెట్టి పిలవాలి. ఒక్కసారి..."

కొండమ్మ ద్వారబంధం మీద చెయ్యి పెట్టింది. "నా మొగుడేడిరా?"

ఆ మనిషిని ఎవరైనా "రా" అనడం నేను వినడం అదే మొదలు.

"వెనకాల," అన్నాడు. "బస్తాల వెనకాల. వాడు లోపల్నుంచి పిలుస్తున్నాడమ్మా. రోజూ పిలుస్తాడు. నేను పలికాను... పలక్కూడదని తెలియక పలికాను... నా పేరు పెట్టి పిలువు తల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటా."

కొండమ్మ ఆ చొక్కా వైపు చూసింది. ఒక్క మాట. వాడి పేరు ఒక్కసారి అని ఉంటే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ అరచెయ్యి ఎత్తి తలుపును చరిచింది. ఒకటి. రెండు. మూడు.

"క్రీస్తుదాసూ!" అని పిలిచింది.

జీవితంలో మొదటిసారి. మొగుడి పేరు.

గుసగుస ఆగిపోయింది. నీటి చుక్క కూడా ఆగింది. లైటులో నా ఊపిరి తెల్లగా పొగలా కనిపిస్తోంది. కొండమ్మ ముందు మాత్రం పొగ లేదు, ఆవిడ ఊపిరి బిగబట్టింది. బస్తాల వెనక ఏదో కదిలింది. గోనె మీద గోనె రాసుకున్న చప్పుడు. గుట్ట పైనున్న బస్తా మెల్లగా... ఇటు వంగింది.

అప్పుడు వినిపించింది. దూరంగా కాదు. నా చెవి పక్కనే. సాగదీసిన గొంతు. చివర్లో బొంగురుగా పగిలే గొంతు.

"హమాలీల ఐక్యతా..."

నేను ఆలోచించలేదు. దేవుడి మీద ఒట్టు, నాకు దేవుడు లేడు, అయినా ఒట్టు... ఆలోచించలేదు. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"వర్ధిల్లాలి!"

కొండమ్మ చెయ్యి నా నోటి మీద పడింది. పెదవి చిట్లింది. "నిన్నెవరు పలకమన్నారే పిచ్చిదానా! నిన్నెవరు పలకమన్నారు!"

నా జబ్బ పట్టుకుని ఈడ్చింది. వెనక బస్తాలు కూలాయి. ఎవరో పరిగెత్తుకొస్తున్నారు... ఇద్దరి అడుగులు... కాదు, ముగ్గురివి... తిరిగి చూడలేదు. ఎండలో పడ్డాం. క్యారేజీ ఎక్కడో జారిపోయింది. కొండమ్మ నన్ను గుండెకు అదుముకుని, కీర్తన పాడుతూ, మధ్యలో నన్ను తిడుతూ, ఏడుస్తూ కూర్చుంది.

నేను తీసిన వీడియోలో చొక్కా కనిపించింది. లోపలి నుంచి వచ్చిన మాటలు ఏవీ లేవు. నీటి చుక్కల చప్పుడు, నా గొంతు, కొండమ్మ గొంతు, అంతే. అయినా ఆ చొక్కా చాలింది. తెల్లారి పోలీసులు వచ్చారు. మోయడానికి హయాత్, అతని హమాలీలు వచ్చారు.

బస్తాల వెనక క్రీస్తుదాసు దొరికాడు. గోనెపట్టాలు చుట్టుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని. వీరాంజనేయులు సందు చివర అలాగే ఉన్నాడు. చనిపోయి వారం పైనే అయిందన్నాడు డాక్టరు. ఒంటి మీద దెబ్బ లేదు. తలుపు తెరిచే ఉంది కదా, ఎందుకు బయటికి రాలేదని ఎస్‌.ఐ. నన్ను రెండుసార్లు అడిగాడు.



కొండమ్మ శవపెట్టె పక్కన నిలబడి ఆయన పేరు మళ్ళీ ఒకసారి పిలిచింది, చిన్నగా. ఈసారి ఎవరూ పలకలేదు. ఆవిడ ముఖం తేటపడింది. సాయంత్రానికి సమాధుల తోటలో గొయ్యి తవ్వుతారు.

బస్తాలు కదిపినందుకు ఆవరణంతా ఎర్రటి దుమ్ము లేచింది. హమాలీలు తువ్వాళ్ళు ముక్కుకు కట్టుకున్నారు. ఎస్‌.ఐ. కళ్ళల్లో నీళ్ళు. డాక్టరు గోడ పట్టుకుని దగ్గుతున్నాడు. కొండమ్మ తుమ్మి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఘాటు వచ్చేసింది, అందరికీ.

నేను మధ్యలో నిలబడి గుండెల నిండా పీల్చాను. ఎండుటాకు వాసన.

"ఇక తలుపు వేసేయవయ్యా," అన్నాడు ఎస్‌.ఐ.

ఛాంబర్ ఖాళీ. లోపలి గోడలు నాలుగూ కనిపిస్తున్నాయి. అయినా ఆనవాయితీ ఆనవాయితీయే. ఈసారి తప్పకూడదని హయాత్ అందర్నీ ఇవతలికి రమ్మన్నాడు. ఒక్కొక్కరినీ చూసుకున్నాడు. నన్ను కూడా చూశాడు. అరచేత్తో తలుపు మూడుసార్లు చరిచాడు.

"లోపల ఎవరన్నా ఉన్నారా?"

నేను పెదవులు బిగించాను. చిట్లిన చోట మళ్ళీ రక్తం వచ్చింది. రెండు చేతులతో నోరు మూసుకున్నాను. కొండమ్మ కూడా తన చెయ్యి తెచ్చి నా చేతుల మీద అదిమిపెట్టింది.

ఖాళీ ఛాంబర్ లోపల్నుంచి, చాలా దూరం నుంచి వచ్చినట్టు, చలికి వణుకుతూ... నా గొంతు పలికింది.

"వర్ధిల్లాలి..."

హయాత్ చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది.