మెల్లగా నడుపు నాన్నా

లోకల్ రైలు నడిపే ఆ డ్రైవరుకి కోపమంతా ఇంట్లోనే. బండెక్కాడంటే మాత్రం ఎంత నిదానమో! ప్రయాణికుల చేతిలో టీ కూడా తొణకదు.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ కూతురి ఫోనులోకి తొంగిచూశాడు. ఆమె కాలేజీ పిల్ల. ఐదేళ్లప్పుడు గోడలూ కిటికీలూ ఎక్కేస్తుండేదని పిచ్చుక అని పేరు పెట్టింది అతనే.

“ఏంటే అది?”

“సర్ఫింగ్ నాన్నా.”

“అలల మీద పలకేసుకుని జారతారు, అదేగా?”

“అదొకటి. అమ్మ పొద్దస్తమానం నెట్లో చేసేది ఇంకొకటి. ఇది మూడోది,” అని నవ్వింది.

తెర మీద, పరుగెత్తే రైలుకి బయట అంటిపెట్టుకుని ఎవరో కేకలు పెడుతున్నారు. అతనికి ముద్ద దిగలేదు. ఫోను లాక్కుని నోటికొచ్చినట్టు తిట్టాడు. పిల్ల తలుపు ధడేలుమని వేసి వెళ్లిపోయింది. ఎక్కడికని అడగడానికి ఫోను కూడా ఆమె దగ్గర లేదు.

సాయంత్రం డ్యూటీ ఎక్కాడు. వాన అప్పుడే వెలిసింది. క్యాబిన్ నిండా తడి ఇనుము వాసన. పెద్ద స్టేషన్ దాటాక సొరంగం అవతల దాకా ఎక్కడా ఆగేది లేదు. చేతులు బండి నడుపుతున్నాయి గానీ మనసు ఇంటి గుమ్మంలోనే ఉంది.

ప్లాట్‌ఫారం వైపు కెమెరా తెరలో ఏదో కదిలింది. ఆ పాత బండికి ఉన్న కెమెరా అటువైపే.

నడిమి బోగీకి బయట ఎవరో అతుక్కుని ఉన్నారు. పచ్చ చొక్కా. ఎగిరే జుట్టు. తల ఇటు తిరిగింది…

పిచ్చుక.

అతను తెర మీదికి వంగాడు. బ్రేకు మీదికి పోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. బయట మనిషి వేలాడుతుంటే గట్టిగా బ్రేకు వెయ్యకూడదు, పట్టు జారిపోతుంది. డ్రైవర్లందరికీ తెలిసిన మాటే. పోనీ అలాగే సొరంగంలోకి పోనిద్దామంటే, అక్కడ గోడకీ బోగీకీ మధ్య మనిషి పట్టేంత చోటు లేదు. కొంచెం కొంచెంగా వేగం తగ్గించడం ఒక్కటే దారి. అందుకు సరిపడా దూరం మిగిలిందో లేదో దేవుడికే తెలియాలి.

చివరి బోగీలో ఉన్న గార్డుకి లోపలి ఫోను కలిపాడు.

“తమ్ముడూ… మా అమ్మాయి బయట వేలాడుతోంది. చూడు.”

గాలి హోరు. కాసేపటికి గొంతు.

“తల బయటపెట్టి చూశానన్నా. ఎవరూ లేరు.”

“నాకు కనబడుతోందిరా!”

వేగం తగ్గింది. తెరలో ఆమె ఒక బోగీ ముందుకొచ్చింది. ఇంకాస్త తగ్గించాడు. ఇంకో బోగీ ముందుకి పాకింది. చేతులు మాత్రమే మారుతున్నాయి. కాళ్లు ఆడటం లేదు. అంత గాలిలోనూ ఇప్పుడు జుట్టు కదలడం లేదు.

వేగం పెంచితే అది ముందుకి రాలేకపోవచ్చు. కానీ అది నిజంగా తన పిల్లే అయితే? ఏ తండ్రి పెంచగలడు? అతనూ పెంచలేకపోయాడు.

క్యాబిన్ తలుపు మీద చప్పుడు. టక్… టక్…

“నాన్నా… మెల్లగా నడుపు నాన్నా. చేతులు నొప్పెడుతున్నాయి.”

అదే గొంతు. వద్దు, వద్దని మనసు మొత్తుకుంటూనే ఉంది. చెయ్యి గడియ తీసేసింది.

చలిగాలి ముఖాన కొట్టింది. తలుపు దానంతటదే మూసుకుంది. వెనకాల తడిబట్టల్లోంచి నీళ్లు కారుతున్న చప్పుడు. తల తిప్పి చూసే ధైర్యం చాల్లేదు. ఎదురుగా సొరంగం దగ్గరపడుతోంది. పర్లేదు, పిల్ల లోపలికొచ్చేసింది, ఇంకేం భయం లేదని తనకి తానే చెప్పుకున్నాడు.

లోపలి ఫోను మోగింది.

“అన్నా! అలవాటు కొద్దీ ప్లాట్‌ఫారం వైపే చూశాను… ఇప్పుడు రెండో వైపు చూశా. మీ అమ్మాయి నా బోగీకే వేలాడుతోంది! చెయ్యి అందట్లేదు. ఏడుస్తోందన్నా… ఆపు, మెల్లగా ఆపు!”

బ్రేకు లాగబోయాడు. చెయ్యి లేవలేదు. దాని మీద ఇంకో చెయ్యి ఉంది. చల్లగా, తడిగా… ఆ చేతి వేళ్లు మరీ చిన్నవి, ఐదేళ్ల పిల్ల వేళ్లంత. అవే వేగం పిడిని ముందుకి తోస్తున్నాయి.