చిటికెన వేలు చెప్పిన సంగతి

"మణికట్టు నరం దెబ్బతింది మేడమ్. మా పిన్నికీ ఇలాగే వచ్చింది," అన్నాడు గడియారాల మెకానిక్, ఎడమచేతికి కట్టుకున్న బెల్టు చూపిస్తూ. ఆ బెల్టు కూడా పిన్నిదే. పిన్ని పక్క కుర్చీలోనే ఉంది.

నరాల పరీక్షలు చేసే అమ్మాయికి చిర్రెత్తుకొచ్చింది. జబ్బు పేరు ఇంటి నుంచే తెచ్చుకుంటే ఇక్కడ తానెందుకు, ఈ మిషన్ ఎందుకు?

"ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి?"

"చిటికెన వేలు, దాని పక్కది."

"మీకండీ?" అని పిన్ని వైపు తిరిగింది.

"బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు," అంది పిన్ని ఠక్కున.

"చూశారా, మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటే మీ పిన్నిగారికిలా ఉంటుంది. రెండు పాదాలూ మంటలెత్తితే ముందు షుగర్ చూస్తాం. చిటికెన వేలైతే మోచేతిని అడగాలి."

అతను నవ్వలేదు. "నెల నుంచి స్క్రూలు చేతిలోంచి జారిపోతున్నాయండి. ఈ చేయి పోతే నాకు వేరే పని రాదు."

ఆమె కోపం ఇట్టే చల్లారింది. చిన్న చిన్న షాకులిస్తూ చూసింది. మణికట్టు దగ్గర సిగ్నల్ బాగానే ఉంది. మోచేయి దాటేటప్పుడే నత్తనడక నడుస్తోంది.

"చేయి ఎక్కడికీ పోదు. రిపోర్టు చూసి డాక్టర్‌గారూ చెబుతారు. పనిలో మోచేయి దేనిమీదైనా ఆనిస్తారా?"

"పనిలో కాదమ్మా," పిన్ని అందుకుంది. "రోజూ సాయంత్రం దుకాణం కిటికీ గట్టు మీద మోచేయి ఆనించి, గడ్డం కింద చేయి పెట్టుకుని గంటసేపు అలాగే. పిలిస్తే పలకడు."

"కిటికీలోంచి ఏం కనిపిస్తుంది?"

అతను నీళ్లు నమిలాడు. "బస్టాపు."

"బస్టాపులో ఏముంది?"

"అయిదున్నర బస్సుకి... మీరు."

"దానికి గంటసేపు ఎందుకు?"

"ఒక్కోరోజు మీరు ముందే వస్తారు కదండీ."

చేతిలో ఉన్న వైరు ఎక్కడ అంటించాలో ఆమెకు కాసేపు తోచలేదు. అయినా మనసు మాత్రం హాయిగా ఉంది.

"ఇకమీదట గట్టు మీద మోచేయి ఆనించకూడదు."

అతని ముఖం వాడిపోయింది. "అంటే, చూడకూడదా?"

"బస్టాపులో బెంచీ ఉంది," అంది ఆమె, రిపోర్టులోంచి తల ఎత్తకుండా.

రెండు నెలలు గడిచాయి. బెంచీ మీద ఆమె అతని చిటికెన వేలి కొన తాకింది.

"తెలుస్తోందా?"

"బాగా తెలుస్తోంది. అయినా ఇంకోసారి చూడండి."

ఆమె నవ్వుతూ తలెత్తి, ఎదురుగా దుకాణం వైపు చూసింది. కిటికీ గట్టు మీద మోచేయి ఆనించి, గడ్డం కింద చేయి పెట్టుకుని, పిన్ని వీళ్లనే మురిపెంగా చూస్తోంది.

"పిన్నీ," అని కేకేసింది ఆమె, "ముందు ఆ మోచేయి తీయండి."