ఆగమని చెప్పేవాళ్లు

"పంపనంటే పంప. ఆదివారం పడుగు ఎవలు పొయ్యాలె? నీ మెడల సీటీ వచ్చి పోస్తదా?"

నర్సింగమ్మ మగ్గం మీద నిలువు పోగులయ్యే నూలు ఉండలు గంపలో వేస్తూ, కోడలి వైపు చూడకుండానే అంది. తెల్లవారినప్పటి నుంచి ఈ మాట ఇది మూడోసారి.

"రెండు రోజుల పరుగు పందేలే గద అత్తమ్మా. శనివారం పోయి ఆదివారం రాత్రికి వస్తం. లీల లెక్క ఉరికే పిల్ల జిల్లాల లేదు," అంది ఆండాళు బియ్యం ఏరుతూ.

పెళ్లికి ముందు ఆండాళు ఎనిమిది వందల మీటర్ల పరుగులో రాష్ట్రంలోనే రెండోది. మోకాలు దెబ్బతిని పరుగు ఆగింది. పోచంపల్లి కోడలయ్యాక ఊరి బడిలో డ్రిల్లు టీచరై, మెడలో ఈల వేసుకుంది. పదిహేనేళ్ల ఆడబిడ్డ లీలకు మూడేళ్లుగా తనే పరుగు నేర్పుతోంది.

"వచ్చినంక నేనే పోస్త అవ్వా," అంది లీల తల్లితో, గడపలోంచి.

"నువ్వు నోర్ముయ్యి. పడుగు ఫికర్ గాదు నాది." నర్సింగమ్మ ఈసారి కోడలి కళ్లలోకి చూసింది. "ఏడేండ్లాయె నీ పెండ్లయి. ఒక్క కాన్పు లేదు. ఉరికి ఉరికి గర్భసంచి జారిందని వాడంత అంటాండ్రు. నా బిడ్డను గూడ గొడ్రాలిని చేస్తవా?"

లోపల మగ్గం చప్పుడు ఆగింది. "అవ్వా, జర ఊకో," అన్నాడు కొడుకు వెంకటరాజం, ఆండాళు భర్త. లేచి మాత్రం రాలేదు.

ఆండాళు చాట కింద పెట్టింది. వాడలో వాళ్లు అనుకుంటారని తెలుసు. అత్త నోట వినడం ఇదే మొదలు. పంతంగా అడిగింది.

"లీల కడుపుల ఉన్నప్పుడు పడుగు పోసినవా, లేదా?"

"పొయ్యక?"

"నూలు పట్టుకొని వీధి ఈ కొస నుంచి ఆ కొసకు దినానికి ఎన్నిసార్లు నడిచినవ్? నేను ఉరికినదానికన్న ఎక్కువే. నీకు జారిందా మరి?"

దెబ్బ సరిగ్గా తగిలిందనుకుంది. నర్సింగమ్మ గంప పక్కన కూలబడింది.

"జారింది. ఒకటి గాదు, రెండు కడుపులు పోయినయ్. లీలకు ముందు. రెండోదానికి ఐదో నెల. నెత్తురు కారుతాంటె గూడ ఆ కొసదాక నడిచిన. నడుమల ఇడిస్తె పడుగు చెడుతదని." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కాళ్లు ఆడిచ్చినందుకే పోయినయని అప్పటి సంది గుండెల పెట్టుకున్న. గందుకే నిన్నన్న."

లీల గానీ రాజం గానీ ఆ సంగతి ఎన్నడూ వినలేదు. ఆండాళు వెళ్లి అత్త పక్కన కూర్చుంది.

"ఆగుమని ఎవలూ అనలేదా అత్తమ్మా?"

"ఎవలంటరు? మా అత్త ఆ కొసకే కూసున్నది, జల్ది రా అనుకుంట."

"నాకు పరుగు నేర్పిన సారు గూడ గంతే. మోకాలు వాచినా ఉరుకుమన్నడు." ఆండాళు మోకాలు తడుముకుంది. "మొన్న లీల పిక్క పట్టేస్తె తొమ్మిది దినాలు ఉరకనియ్యలే. ఏడ్చింది, నన్ను తిట్టింది. నేర్పుడంటె ఉరికిచ్చుడే గాదు అత్తమ్మా, ఆపుడు గూడ."

నర్సింగమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

మధ్యాహ్నం అందరూ అన్నానికి కూర్చున్నాక, పప్పు వడ్డిస్తూ మెల్లగా చెప్పింది.

"శనివారం బస్సుకు లీల పోతాంది, వదినెతోని. పడుగు నాతోని రాజం పోస్తడు."

రాజం ముద్ద చేతిలోనే ఆగింది. మగవాడు వీధిలో పడుగు పోయడం వాడలో ఎవరూ చూడలేదు. తల్లి ముఖం చూసి, "సరే అవ్వా," అన్నాడు.

ఆమె కోడలి వైపు తిరిగింది.

"పిల్ల నొప్పంటే ఆపు, ఆండాళూ. గెలిచేటట్టున్నా సరే, ఆపు."