రొట్టె పడని పిల్ల

2003ల ముచ్చట. మా బోధన్ చర్చిల ప్రభు బల్లకు రొట్టె మా ఇంట్లనే ఉన్న బేకరీ నుంచే పోతది. ఆ ఆదివారం తన కాడికొచ్చిన పళ్లెంల తబిత ఒక్క ముక్క ముట్టలే, పక్కకు జరిపింది. ఎడపల్లి నుంచి కొత్తగ వచ్చిన నర్సు. పాపముంటెనే ఆ రొట్టె ముట్టరు, ఏం పాపం చేసిందోనని ఎనుక ఆడోళ్లు గుసగుస. నాకైతే మండింది. గ్లూటెన్ పొడి, అదే గోధుమ జిగురు పొడి, కలిపి దూది లెక్క పొంగించిన రొట్టె అది.

బయట ఆపి, నా రొట్టెకేమైందని అడిగిన. నన్ను కిందికెల్లి మీది దాక చూసి, రొట్టెకేం కాలే, తింటె నాకే అయితదన్నది.

ఏమైతదో తెల్వకుంటె నాకు నిద్ర పట్టదాయె. తెల్లారి ఆమె డ్యూటీ దిగంగనే ఆస్పత్రి ముందట చాయ్ బండి కాడ నిలబడ్డ.

నవ్వుకుంటనే చెప్పింది. పేగు లోపల తువ్వాల మీది నూలు లెక్క సన్నటి కుచ్చులుంటయట. తిన్నదాంట్ల సత్తువను అవే గుంజుకుంటయట. గోధుమల గ్లూటెన్ పోతె, ఆమె ఒళ్లే ఆ కుచ్చుల మీద కొట్లాటకు దిగుతదట. అవి అరిగి నున్నగైతయట. హైదరాబాద్ల డాక్టర్లు నోట్లకెల్లి గొట్టమేసి చూసి చెప్పిండ్రట. గిది అందరికి రాదన్నది.

"మరి నేను కలిపే పొడి? గ్లూటెన్‌నే ఏదో మార్చి చేస్తరట గద."

"మార్చినా నాకు పడదు. మంచిగున్నోళ్ల పేగుకు ఆ పొడితోని ఏమైతదని డాక్టర్‌నడిగిన. ఇంక తేలలేదన్నడు."

ఇగ రోజు ఒక సవాలు పట్టుకొని పోయిన. జొన్నరొట్టె తినొచ్చా, సేమ్యా తినొచ్చా, అరిగిన కుచ్చులు మళ్ల మొలుస్తయా. గోధుమ బంద్ చేస్తె మెల్లగ మొలుస్తయన్నది. అడిగేటియి అయిపోయినా పోవుడు బంద్ చెయ్యలే. ఆమెకూ సమజైంది.

ఓనాడు వాన. బండి మీది తాడిపత్రి కింద ఇద్దరమే నిలబడ్డం, నడుమ ఆమె తెరిచి పట్టిన గొడుగు. ధైర్యం చేసి, నన్ను చేసుకుంటవా అన్న.

ఆమె మొఖం చిన్నగైంది. "మీ ఇంట్ల గాలిల గూడ మైదానే ఉంటది, హనోకు."

"ఇల్లు వేరే తీసుకుందాం. బేకరీలనే తానం చేసి, బట్టలు మార్చి వస్త. ఇంట్ల బియ్యం, జొన్నలే."

రోడ్డు దిక్కు మొఖం తిప్పింది. మెల్లగ, "రొట్టె తిన్న మూతి గూడ నాకు పడదు" అన్నది.

సమజయ్యేతందుకు జరసేపు పట్టింది. చెవులు వేడెక్కినయి.

"అమ్ముత గని, ఇగ తిననే తిన."

"పొద్దుగాల ఏం తిన్నవ్?"

"నువ్వేమంటవోనని భయానికి ఏం తినలే."

నవ్వి, చేతిల గొడుగు మూసి, నా భుజం తాకేటట్టు జరిగింది. సాయంత్రం ఇంటికొచ్చి వాళ్లమ్మను అడుగమన్నది.