నీలం గది

ఆ ఆసుపత్రిలో నేల కింది అంతస్తు చివరి గదికి రాత్రిపూట ఒంటరిగా ఎవరూ వెళ్ళరు.

పగలైతే వెళ్తారు. అదీ ఇద్దరుగా. ఊడ్చే ఆవిడ కూడా గుమ్మం దాకా ఊడ్చి, చీపురు అక్కడే తిప్పేసుకుని వచ్చేస్తుంది. "లోపల దుమ్ము లేదు లెండి" అంటుంది. చూడకుండానే.

దానికి నీలం గది అని పేరు. గోడలు తెల్లనివే. బల్లలు తెల్లనివే. నీలం అయ్యేది వేరే.

మా అమ్మాయికి ఆ గదిలోనే ఉద్యోగం వచ్చింది.

ఆ పని గురించి నాకు తెలిసింది తక్కువ. తను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఒళ్ళు కాలినవాళ్ళకి, కాలని చోటు నుంచి తపాలా బిళ్ళంత చర్మం తీస్తారు. అందులోని కణాలని విడదీసి, సీసాలో వేసి, వెచ్చటి పెట్టెలో పెంచుతారు. ఒకటి రెండై, రెండు నాలుగై, మూడు వారాలకి సీసా అడుగంతా పరుచుకుంటాయి. అప్పుడు వాటిని నీళ్ళలోకి దింపి, కాలినచోట చల్లుతారు. తెల్లవారి ఆపరేషన్ అంటే ముందు రాత్రే లెక్క చూడాలి. ఎన్ని బతికున్నాయి, ఎన్ని చచ్చాయి. నూటికి ఎనభై బతికుంటేనే పైకి పంపాలి. తగ్గితే సీసా మొత్తం బ్లీచింగ్ నీళ్ళలో పొయ్యాలి. అది రూలు.

"కంటికి ఆననివి బతికున్నాయో లేదో ఎలా తెలుస్తుందే?" అనడిగాను.

"నీలం రంగు కలిపి మైక్రోస్కోప్‌లో చూస్తామమ్మా. బతికున్నది రంగుని లోపలికి రానివ్వదు. తెల్లగా మెరుస్తూ ఉంటుంది. చచ్చినదానికి ఆపే శక్తి ఉండదు. నీలం అయిపోతుంది."

"అంటే తలుపేసుకున్నవి బతికున్నట్టు."

"అంతే. మన పక్కింటావిడలాగా."

ఉద్యోగంలో చేరిన రోజే లిఫ్టు దగ్గర కూర్చునే పెద్దాయన దానికి చెప్పాడట.

"ఎవరి తప్పూ కాదమ్మాయ్. సాయంత్రం చూస్తే నిక్షేపంగా ఉంటాయి. రాత్రి రంగు కలుపుతారు... అలా కన్ను తిప్పుతారు... వచ్చి చూస్తే అన్నీ నీలం. ఇద్దరు పని మానేసి వెళ్ళిపోయారు. నువ్వు మాత్రం కన్ను తిప్పకు. కన్ను తిప్పినప్పుడే వస్తుంది."

"ఏది బాబాయ్?"

"పేరు నన్నడగకు. నేను రాత్రంతా ఇక్కడే ఉండాలి."

అది నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

ఆ అంతస్తులో సెల్‌ఫోన్ పనిచెయ్యదు. వరండాలో గోడకి పాత ఫోను ఒకటి ఉంది. లెక్క చూసేది రెండున్నర ప్రాంతంలో అని మాటల్లో చెప్పింది. నేను గడియారంలో రెండున్నరకి అలారం పెట్టుకున్నాను. కన్నతల్లిని... ఊరుకోలేను కదా.

మొదటి రాత్రి దాని చేతిలో ఉన్నది ఒక ఇరవై ఏళ్ళ పిల్ల చర్మం. బట్టలు ఉతికే కార్ఖానాలో ఆవిరి గొట్టం పగిలి, రెండు తొడల మీద కాస్త కాస్త చోటు తప్ప ఒళ్ళంతా కాలిపోయింది.

మా అమ్మాయి రంగు కలిపింది. గళ్ళు గీసిన గాజు పలక మీద రెండు పక్కలా చుక్క వేసింది. వంగి చూసింది. ఎంత బాగున్నాయో అమ్మా, అంది తర్వాత. మంచు బిందువుల్లా ఉన్నాయట.

లెక్క మొదలుపెట్టబోయింది. వరండాలో ఫోను మోగింది. నేనే.

గ్లౌజులు తీసి, గౌను విప్పి, చెప్పులు మార్చి, రెండు తలుపులు దాటి వచ్చి ఫోనెత్తింది. తిన్నావా అన్నాను. తిన్నానంది. ఎవరైనా ఉన్నారా అన్నాను. ఎవరూ లేరంది. కాసేపు అవీ ఇవీ మాట్లాడాం. నా గొంతు విన్నాక కాస్త ధైర్యం వచ్చిందట. మళ్ళీ చేతులు కడుక్కుని, అన్నీ తొడుక్కుని లోపలికి వెళ్ళింది.

వంగి చూసింది.

అన్నీ నీలం.

రెండో పక్క చూసింది... అదీ నీలం.

గదిలో ఎవరూ లేరు. తలుపు వేసింది వేసినట్టే ఉంది. కాసేపు కుర్చీ పట్టుకుని నిలబడిందట. తర్వాత రూలు ప్రకారం సీసా ఎత్తి బ్లీచింగ్ నీళ్ళలో పోసేసింది.

తెల్లారి ఇంటికొచ్చి, గోడకి తిరిగి పడుకుంది. "లిఫ్టు బాబాయ్ చెప్పింది నిజమేనమ్మా" అంది. అంతే.

ఆ పిల్లకి రెండో తొడ నుంచి మళ్ళీ చర్మం తీశారు. పెద్ద డాక్టరమ్మ మా అమ్మాయిని పిలిచి, గొంతు పెంచకుండా ఒక్క మాటే చెప్పింది. "మూడోసారి తియ్యడానికి ఆ పిల్ల ఒంటి మీద చోటు లేదు."

మళ్ళీ మూడు వారాలు.

లెక్క చూడాల్సిన రాత్రి మళ్ళీ వచ్చింది. బయల్దేరేటప్పుడు గుమ్మంలో ఆగింది.

"ఈసారి కన్ను తిప్పనమ్మా. ఏం జరిగినా తిప్పను."

రెండున్నరకి ఫోను చేశాను.

మోగింది... మోగింది... తియ్యలేదు. దానంతటదే ఆగిపోయింది.

మళ్ళీ చేశాను. తియ్యలేదు.

మూడోసారి మోగుతుండగానే లేచాను. ఇంటికి తాళం వేశానో లేదో తెలియదు. వీధిలో అన్ని షట్టర్లూ దించి ఉన్నాయి. ఎవరూ లేని నాలుగు రోడ్ల దగ్గర సిగ్నల్ లైటు ఎర్రబడుతోంది, పచ్చబడుతోంది. పది నిమిషాల దారి. ఎలా నడిచానో నాకే తెలియదు.

లిఫ్టాయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"పిల్ల ఫోనెత్తడం లేదు అన్నయ్యా."

ఆయన నన్ను లిఫ్టు ఎక్కించాడు. కిందకి తీసుకెళ్ళాడు. లిఫ్టు తలుపు తెరిచి పట్టుకున్నాడు గానీ, అడుగు బయట పెట్టలేదు.

"నేను దిగనమ్మా. ఇలా పట్టుకుని ఉంటా. ఏదైనా అయితే పరిగెత్తుకుని వచ్చెయ్యండి."

"రాలేకపోతే?"

"తలుపు మూసేస్తా."

వరండా పొడుగ్గా ఉంది. లైట్లు సగమే వేసి ఉన్నాయి. గోడకి ఆ ఫోను... కదలకుండా.

అప్పుడు వినిపించింది.

టిక్.

టిక్... టిక్... టిక్...

చివరి గది రెండు తలుపులకీ అడుగున జాలీ ఉంది. అందులోంచి వస్తోంది చప్పుడు. ఒకే రకంగా వస్తూ వస్తూ... ఉన్నట్టుండి ఒకసారి వేరేగా, మొద్దుగా, టక్. మళ్ళీ టిక్, టిక్.

బయటి తలుపు దాటాను. లోపలి తలుపుకి గాజు కిటికీ ఉంది. మొహం ఆనించి చూశాను.

మా అమ్మాయి వీపు. తెల్లగౌను. మైక్రోస్కోప్ మీద వంగి ఉంది. కదలడం లేదు.

తలుపు కొట్టాను.

తిరగలేదు.

"పిట్టా..." అన్నాను. దాన్ని చిన్నప్పటి నుంచీ అలాగే పిలుస్తాను. ఆ పిలుపుకి నిద్రలో కూడా ఊ అంటుంది.

ఊ అనలేదు. ఒంట్లో ఎక్కడా చలనం లేదు. కుడిచేతి బొటనవేలు ఒక్కటే... పైకీ కిందకీ... ఆ చప్పుడుతో పాటు.

ఇంకా గట్టిగా కొట్టాను. రెండు చేతులతో కొట్టాను. ఆ వీపు నా కూతురిదేనా అనిపించింది ఒక్క క్షణం. తల్లికి రాకూడని అనుమానం. వచ్చింది.

చప్పుడు ఆగింది.

మెల్లిగా తిరిగింది. మొహానికి మాస్కు. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. వాటి నిండా నీళ్ళు.

"తొంభై ఒకటి," అంది జాలీలోంచి, గుసగుసగా. "నూటికి తొంభై ఒకటి బతికున్నాయమ్మా."

బయటికొచ్చి నన్ను పట్టుకుని ఊపేసింది.

"నీకేమైనా పిచ్చా? ఆ ఫోను మోగుతుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. తియ్యకూడదని పళ్ళు బిగపట్టుకుని కూర్చున్నా. అది ఆగి, కాస్త కుదురుకున్నాకే రంగు కలిపా. అది చాలక తలుపు కొట్టడం ఒకటి!"

"ఎవరనుకున్నావే?"

"ఎవరనుకుంటాను... అదే అనుకున్నా."

"ఆ టిక్ టిక్ ఏంటి?"

"లెక్క మిషనమ్మా. బతికినదానికి ఒక మీట, చచ్చినదానికి ఒకటి."

నా కాళ్ళ వంక చూసింది. ఒక కాలికి నా చెప్పు, ఇంకో కాలికి దానిది. నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడింది. నేనూ కూర్చున్నాను.

లిఫ్టు వైపు నుంచి కేక. "ఉన్నారా?"

"ఉన్నాం బాబాయ్!"

లిఫ్టు తలుపు సగం మూసుకున్న చప్పుడు.

"ఎంతమంది?"

అలా ఎంతసేపు కూర్చున్నామో. దానికి నీళ్ళు తాగించాను. జుట్టు సరిచేశాను. గాజు పలక కడిగేసి వస్తానని అన్నీ తొడుక్కుని లోపలికి వెళ్ళింది. కడిగేముందు ఊరికే, ముచ్చటకి, ఒకసారి వంగి చూసింది.

వంగినది లేవలేదు.

"అమ్మా..."

"ఏంటే?"

"అన్నీ నీలం."

నేను గాజు కిటికీ దగ్గర ఉన్నాను. గదంతా కనిపిస్తోంది. ఎవరూ లేరు. ఏదీ కదల్లేదు. మా అమ్మాయి చెయ్యి వెళ్ళి సీసా మీద పడింది. చూపు బ్లీచింగ్ తొట్టి మీద ఉంది. మూత తీసే ఉంది.

"ఆగు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పోయినవి గాజు మీదవి. సీసాలోవాటిని అడుగు ముందు."

"రూలు..."

"ఇంకో చుక్క తియ్యవే పిట్టా. నేనిక్కడే ఉన్నా."

తీసింది. రంగు కలిపింది. వంగింది. నేను చేతి గడియారం చూస్తూ నిలబడ్డాను.

టిక్. టిక్. టిక్... టక్... టిక్.

"తొంభై," అంది. "తెల్లగా ఉన్నాయి. అదే సీసా... అమ్మా, అదే సీసా."

ఈసారి కళ్ళు తియ్యలేదు. పలక కడగలేదు. అలాగే చూస్తూ కూర్చుంది. నేను నిమిషాలు చెప్పాను.

"ఐదు."

"ఉన్నాయి."

"ఎనిమిది."

"మూల ఒకటి... లేతగా..."

"పన్నెండు."

"వస్తోందమ్మా," అంది ఊపిరి తీయకుండా. "అంచుల్లోంచి వస్తోంది. ఒక్కొక్కటే..."

"ఎవరొస్తున్నారే? ఎవరూ లేరక్కడ."

"రంగు."

పద్దెనిమిదో నిమిషానికి దాదాపు అన్నీ నీలం.

బతికున్నవి కాసేపే ఆపగలవు. అంతకు మించి ఉంచితే రంగే వాటిని చంపి లోపలికి వస్తుంది. మా అమ్మాయి లేచి గోడ మీది కార్డు దగ్గరికి వెళ్ళింది. పని ఎలా చెయ్యాలో వరసగా రాసి ఉండే కార్డు. రోజూ గోడలన్నీ స్పిరిట్‌తో తుడుస్తారు, దాన్ని కూడా. చివర కొంత ఖాళీ ఉంది. టార్చి పక్కనుంచి వేసి చూసింది. సిరా పోయింది గానీ, కలం నొక్కిన గాడి పోలేదు.

'రంగు కలిపిన మూడు నిమిషాల్లో లెక్క ముగించాలి.'

అది ఆ మాట పైకి చదివి, టార్చి ఆర్పింది.

"అయితే పోయినసారి..." అన్నాను.

అది తొట్టి వంక చూసింది.

"సీసాలోవి బతికే ఉన్నాయమ్మా," అంది. "నేను పోసేటప్పుడు... బతికే ఉన్నాయి."

ఆ గదిలో ఏదీ చావలేదు. అన్ని సీసాలూ బతికుండగానే పోశారు.

గౌను విప్పడం, చేతులు కడగడం, రెండు తలుపులు, తిన్నావా, ఎవరైనా ఉన్నారా, మళ్ళీ రెండు తలుపులు. నేను మనసులో లెక్క వేస్తున్నాను. అది నా మొహం చూసింది.

"నీ ఫోను వల్ల కాదులే అమ్మా," అంది గబగబా.

నేనింకా ఏమీ అనలేదు.

"పొద్దున్నే పెద్ద డాక్టరమ్మకి అంతా రాసిస్తాను," అంది.

"ఫోను సంగతి కూడా రాయి."

"వద్దులే..."

"రాయి."

సీసా పట్టుకుని ముగ్గురం లిఫ్టులో పైకి వస్తున్నాం. లిఫ్టాయన్ని అడిగాను, ముందున్నవాళ్ళకి కూడా రాత్రి ఫోన్లు వచ్చేవా అని.

"రాకేం? ఆ గది పేరు విన్నాక ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారా అమ్మా? ఒకాయనకి భార్య. ఒకమ్మాయికి తండ్రి. మోగడం నాకు ఇక్కడికి వినిపించేది." కాస్త ఆగాడు. "మొదటిసారి అలా నీలమైనప్పుడు మాత్రం ఎవరూ ఫోను చెయ్యలేదు. అప్పటికింకా ఆ గదికి పేరు రాలేదుగా."

పైన వార్డు బయట బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. నా వయసే. మా అమ్మాయి చేతిలో సీసా చూడగానే లేచింది. అది లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ నా వైపు తిరిగింది.

"బతికున్నాయా అక్కా?"

"బతికున్నాయి. నూటికి తొంభై."

బెంచీ మీద కూలబడి మొహం కొంగులో దాచుకుంది. నేను పక్కన కూర్చున్నాను. తెల్లవారుతోంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"పోయినసారివి ఎందుకు పోయాయో ఎవరూ చెప్పలేదక్కా. రెండో తొడ కోసినప్పుడు నా పిల్ల అరిచిన అరుపు..." ఆగింది. గొంతు తగ్గించింది. "కింద గదిలో ఏదో ఉందంటున్నారు. మీరు అక్కడి నుంచేగా వచ్చారు. నిజమేనా? ఎలా ఉంటుందది?"

"నాలాగే ఉంటుంది," అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసింది. చింపిరి జుట్టు. వేర్వేరు చెప్పులు. ఫక్కున నవ్వింది. నా చెయ్యి వదలకుండానే నవ్వింది. ఆరు వారాల్లో ఆవిడ నవ్వడం అదే మొదలని తర్వాత నర్సు చెప్పింది.

ఆ నవ్వు ఆగేదాకా ఆగాను.

తర్వాత... మొదటి రాత్రి రెండున్నరకి నేను చేసిన ఫోను దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాను.