బాలింత మడుగు

పామిడి దాటి పెన్న ఒడ్డెంబడే కిందికి పోతే, రెండు నల్లబండల నడుమ ఒక మడుగుండాది. దాన్ని బాలింత మడుగంటారు. ఎప్పుడో ఒకామె నెలల బిడ్డనెత్తుకోని అందులో దూకిందంట. ఆమె తేలింది గానీ బిడ్డ తేలలేదంట. అప్పట్నుంచీ పొద్దు గూకినాక ఆ దిక్కు ఎవరూ పోరు. పోయినోళ్ళకు ఒక సద్దు వినిపిస్తాదంట...

ఏడుపు కాదు. ఏడుపైతే ఇంత భయముండదు. బిడ్డ చన్ను కుడిచే సద్దు.

చప్... చప్... చప్...

కరువొచ్చి ఊరూరా గంజి కేంద్రాలు పెట్టిన ఏడు, యాభై రెండులో, కుళ్ళాయప్పకు జరిగింది మా పెద్దోళ్ళు ఇట్లా చెప్పినారు.

కుళ్ళాయప్ప కూలిమనిషి. పొద్దంతా ఎవరి చేన్లోనో పని చేసి, సాయంత్రమైతే గాలపుగడ భుజానేసుకోని ఏటికి పోయేవాడు. ఆ కరువులో చేన్లో పనీ ల్యా, ఏట్లో నీళ్ళూ ల్యా. పెన్న వట్టి ఇసుక. అయినా గాలాలేసేవాళ్ళు సాయంత్రం కూడేది మాత్రం మానలేదు. పాపన్న ఇంటి పంచలో కూచ్చోని, గాలాలకు తుప్పు పట్టకుండా ఆముదం పూసుకుంటా, చేపల మాటలే మాట్లాడుకునేవాళ్ళు.

నీళ్ళున్న కాలంలో వీళ్ళు ఒకరి ఎర ఇంకొకరికి చెప్పినోళ్ళు కాదు. ఇప్పుడు దాచుకోని ఏం చేసుకుంటారు?

"జొన్నపిండి ముద్దలో రవ్వంత ఇంగువ కలుపుతా నేను," అన్నాడు ఒకనాడు లక్ష్మన్న. "బొచ్చె చేపలు ఆ వాసనకే వస్తాయి."

"అందుకా నీ బుట్ట ఎప్పుడూ నిండేది!" అని కుళ్ళాయప్ప నోరెళ్ళబెట్టినాడు.

"కొరమీనుకు ఇంగువ పనికిరాదప్పా," అన్నాడు పాపన్న. అందరికన్నా పెద్దోడు ఆయప్ప. "బతికిన కప్పను గుచ్చల్ల. అది కాళ్ళాడించల్ల. కొరమీను వచ్చి నోట్లో పెట్టుకుంటే తొందరపడి గడ ఎత్తొద్దు. మింగనీ... మింగనీ... అప్పుడు లాగు."

వినేవాళ్ళకు నోట్లో నీళ్ళూరేవి. కడుపులో గంజి తప్ప ఏముండాది గనక!

చీకటి పడినా కుళ్ళాయప్ప పంచ వదిలేవాడు కాదు. ఇంట్లో పెండ్లాం చిన్నక్క ఉండాది. ఉగాదికి ముందు వాళ్ళ పసిబిడ్డ పోయింది. తల్లికి తిండి లేక పాలింకిపోయినాయి. గుడ్డ తడిపి గంజినీళ్ళు నోట్లో పిండినా బిడ్డ నిలవలేదు. చిన్నక్క ఏడవలేదు. ఆ పొద్దు నుంచి మొగునితో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ ఇంట్లో కూచ్చోలేక ఆయప్ప చేపల మాటల్లోకి పారిపోయి వచ్చేవాడు.

ఒకనాడు దీపాలు పెట్టినాక, పక్కింటి హనుమక్క పంచ దగ్గరికొచ్చి నిలబడింది.

"కుళ్ళాయన్నా... ఒకసారి ఇట్లా రా."

ఆయప్ప లేచి పోయినాడు. ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

"చిన్నక్క రోజూ పొద్దు గూకినాక నీళ్ళకని బిందె ఎత్తుకోని పోతాది కదా... ఆమె చెలమ కాడికి పోవడంల్యా అన్నా. మేకను వెతుక్కుంటా పోయిన మా ఇంటాయన చూసినాడంట."

"యాడ చూసినాడు?"

హనుమక్క ఆ మడుగు పేరెత్తకుండా, ఏటి కింది దిక్కు చెయ్యి చూపించింది.

కుళ్ళాయప్ప ఎవరికీ చెప్పకుండానే మడుగు దిక్కు పోయినాడు. చంద్రుడు ఇంకా రాలేదు. కాళ్ళకింద ఇసుక పగటి వేడి వదలకుండా కాలతాండాది. బండలు దగ్గరికొచ్చేకొద్దీ అడుగు సన్నగా వేసినాడు. బండ పక్కన బిందె కనపడింది. చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి కూడా ల్యా.

బండ పట్టుకోని కిందికి తొంగి చూసినాడు.

మడుగు ఎండి అంచులన్నీ బీటలువారినాయి. నడుమ మాత్రం రవ్వంత నల్లబురద. ఆ బురదలో చిన్నక్క కూచ్చోనుండాది. జుట్టు విరబోసుకోని, ఒళ్ళోకి కొంగు కప్పుకోని, ముందుకీ వెనక్కీ ఊగుతాండాది...

చప్... చప్...

కుళ్ళాయప్ప బండమీద ఇంకా ముందుకు వంగినాడు.

చప్... చప్... చప్...

"చిన్నక్కా..."

ఆమె తలెత్తలేదు. పెదాలమీద వేలు పెట్టుకునింది.

"ష్... కుడుస్తాండాది."

అంతే. కుళ్ళాయప్ప వెనక్కి తిరిగి ఉరికినాడు. ఎట్లా వచ్చి పడినాడో పాపన్న పంచలో పడినాడు. పెండ్లాన్ని ఆడ వదిలేసి వచ్చినానే అని అప్పుడు తెలిసొచ్చి, నేలమీద తల కొట్టుకున్నాడు.

పాపన్న అంతా విన్నాడు.

"సద్దు ఎట్లుండాదన్నావు?"

కుళ్ళాయప్ప పెదాలతో చేసి చూపించినాడు. పాపన్న లేచి గడ్డపార తీసుకున్నాడు.

"లక్ష్మన్నా, లాంతరు పట్టు."

"ఇంత పొద్దు పోయినాకనా? నేను రాను మామా!"

"రాకుంటే మాన్లే. లాంతరియ్యి."

లక్ష్మన్న ఇయ్యలేదు. తానే పట్టుకోని వాళ్ళిద్దరి వెనకాలే వచ్చినాడు గానీ, మడుగులోకి దిగలేదు. బండమీదనే నిలబడి వెలుతురు చూపించినాడు.

చిన్నక్క అట్లనే కూచ్చోనుండాది. పాపన్న ఆమెను పలకరించలేదు. పక్కనే మోకాళ్ళమీద కూచ్చోని, వంగి చెవి బురదకానించినాడు. సద్దు ఆగిపోయింది. ఎవరూ కదల్లేదు...

చప్... చప్...

"ఇది దయ్యం కాదు కుళ్ళాయీ," అన్నాడు పాపన్న. "కొరమీను. నీళ్ళింకితే అది చావదప్పా. బురదలో దూరి, వేలంత బొక్క పెట్టుకోని, నోటితో గాలి మింగుతా వానకోసం కాచుకోనుంటాది. మా నాయన చెప్పినాడు. ఈ ఒక్కటీ నేనెవరికీ చెప్పల్యా."

కుళ్ళాయప్ప పెండ్లాన్ని చెయ్యి పట్టి లేపినాడు. ఆమె లేచింది. ఆమె కూచ్చున్న చోటికి పక్కనే పాపన్న గడ్డపార దించి, బురద పెళ్ళగించి, మోచేతులదాకా లోపల పెట్టినాడు. బయటికి లాగితే... చెయ్యంత పొడుగు కొరమీను! లాంతరు వెలుతుర్లో తళతళా మెరుస్తా, నోరు తెరిచి మూసింది.

చప్.

లక్ష్మన్న బండమీద కూలబడి నవ్వినాడు. నవ్వి నవ్వి కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు. "దీన్దుంపదెగ! ఇన్నేండ్లు ఊరినంతా భయపెట్టింది కదప్పా!" పాపన్న కూడా నవ్వినాడు. చేప దొరికి ఎన్నాళ్ళయిందో! దాన్ని తువ్వాల్లో చుట్టుకోని, వానలో ఆడుకోని తిరిగొచ్చే పిల్లోళ్ళ మాదిరి ఒకటే మాటలు మాట్లాడుకుంటా ఊర్లోకొచ్చినారు.

"చూసినావా మే?" దోవలో మెల్లగా అన్నాడు కుళ్ళాయప్ప. "చేప... వట్టి చేప."

చిన్నక్క తలూపింది. ఆయప్పకు గుండెమీది బండ దిగినట్లయింది.

పాపన్న ఇంట్లో కూర వండినారు. కుళ్ళాయప్ప తన వంతు ఆకులో కట్టుకోని ఇంటికొచ్చి, దీపం దగ్గరికి జరిపి, పెండ్లాం ముందర పెట్టినాడు.

"తిను మే. చానా నాళ్ళయింది."

ఆమె ముట్టలేదు. దీపం వెలుతుర్లో ఆయప్ప అప్పుడు చూసినాడు. ఆమె రవిక ముందుపక్క తడిసిపోయుండాది.

"బురదా?" అని చెయ్యి పెట్టినాడు. బురదైతే చల్లగుండల్ల. వెచ్చగుండాది. వేళ్ళు దీపం దగ్గర పెట్టుకోని చూసుకున్నాడు. తెల్లగా... పచ్చిపాల వాసన.

"ఎప్పట్నుంచి...?"

"కుడవబట్టినప్పట్నుంచి," అనింది చిన్నక్క.

"అది చేపనే కదా! నీ కండ్లతో నువ్వే చూస్తివి కదా!"

చిన్నక్క మొగుని మొకంలోకి నెమ్మదిగా చూసింది. అంత నెమ్మదిగా ఆమె చూసి ఎన్ని నెలలైందో.

"చేప సద్దు బురదలోదప్పా," అనింది. "నేను చెప్తాండేది ఒళ్ళోది."

గోడవైపు తిరిగి పండుకోని నిద్రపోయింది. బిడ్డ పోయినాక ఆమెకట్లా నిద్ర పట్టింది అదే మొదటిసారి.

కుళ్ళాయప్ప తలుపుకు గడియేసి, దానికానుకోని కూచ్చున్నాడు. చేప కూరై పోయింది. ఇంక మడుగులో సద్దు చెయ్యడానికి ఏమీ ల్యా. కొంచెం చెవి పెడితే తేలిపోతాది... గాలి కూడా ఏటి దిక్కునుంచే వస్తాండాది.

ఆయప్ప వినల్యా. తెల్లారిందాంక రెండు చేతుల్తో చెవులు మూసుకోనే కూచ్చున్నాడు.